పిడికిట్లో తాళాల గుత్తి

కల్లూరు, కర్నూలు
12-6-2003

చిరంజీవి తమ్ముడు ఓబుళేశుకు అక్క రామసుబ్బమ్మ ఆశీర్వదించి రాసేది.

ఈ ఉత్తరం తెచ్చినవాడిని గుర్తుపట్టావా? నీ మేనల్లుడే. రెండేళ్ళుగా చూడలేదు కదా, పొడవు పెరిగాడు. బుద్ధి మాత్రం నువ్వు చూసిన చోటే ఉంది. డిగ్రీ అయిపోయింది. ఎరువుల కొట్లో కూర్చోరా అంటే వినడు. పొద్దున లేస్తే వాళ్ళ నాన్నకూ వాడికీ రభస, మధ్యలో నలిగేది నేను. పోలీసు అవుతాడంట. దానికి ముందు ఐదు కిలోమీటర్లు ఇరవై ఐదు నిమిషాల్లో పరిగెత్తాలంట. "మామ డ్రిల్లు మాస్టరు గదమ్మా, నాలుగు నెల్లు ఆడ ఉంటే చాలు" అని నన్ను పీక్కు తిన్నాడు. చివరికి మీ బావ కూడా సరేలే పో అన్నాడు. ఇంట్లో గొడవ తగ్గుతుందని ఆయన ఆశ.

తేజేశ్వర్ అని పిలిస్తే పలకడు, తేజా అనే పిలువు. పొద్దున ఖాళీ కడుపుతో తిప్పొద్దు. ఇంకో మాట. వాడు అలసిపోయినా చెప్పడు. ముఖం తెల్లబడితే నువ్వే చూసి ఆపేయాలి. బడిపిల్లల్ని తరిమినట్టు నా కొడుకును తరిమావంటే నేను బస్సెక్కి వస్తాను, నా సంగతి నీకు తెలుసు.

మొలతాడుకు ఒక ఇనప తాళంచెవి కట్టాను. దిష్టికి. స్నానానికి కూడా తీయనియ్యొద్దు. నువ్వు నవ్వొద్దు.

ఫోను చేయాలంటే కొట్టుకే చేయాలి, అక్కడ మీ బావ ఎదురుగా కూర్చుని ప్రతి మాటా వింటాడు. నువ్వు ఉత్తరమే రాయి. అమూల్యకు నా ఆశీస్సులు చెప్పు. వీడికి జొన్నరొట్టెలు ఎన్ని వేసినా చాలవు, ముందే చెబుతున్నాను.

నీ అక్క,
రామసుబ్బమ్మ

*

వేంపల్లె, కడప జిల్లా
30-8-2003

పూజ్యురాలైన అక్కకు నమస్కరించి ఓబుళేశు రాయునది.

నీ కొడుకు తిండి గురించి నువ్వు రాసింది తక్కువే అని మీ మరదలు అమూల్య అంటోంది. సంగటి ముద్ద ఇటు పెట్టి అటు తిరిగేలోపు మాయం. ఊళ్ళో అందరినీ అత్తా, మామా అని వరసలు కలిపేశాడు. నేను ఈ ఊరికి వచ్చి పదకొండేళ్ళయింది, నన్ను సారూ అనే పిలుస్తారు. వీడు రెండు నెలల్లో సొంత మనిషైపోయాడు.

పరుగు సంగతి. మా బడి గేటు దగ్గర మొదలుపెట్టి పాపాఘ్ని వంతెన దాటి తిరిగి గేటు దగ్గరకు రావాలి. మొదటి రోజు ముప్పై ఒక్క నిమిషం. గేటు దగ్గర కూలబడి "మామా, పోలీసులు నిజంగా ఇంత దూరం పరిగెత్తి దొంగల్ని పడతారా?" అన్నాడు. నిన్న ఇరవై నాలుగు నిమిషాల నలభై సెకన్లు. నా దగ్గర తయారయ్యేవాళ్ళు ఇప్పుడు తొమ్మిది మంది. అందరిలో ముందున్నది నీ కొడుకే. నా చేతుల మీదుగా ఒక్కడైనా ఖాకీ తొడుక్కోవాలని ఎప్పటినుంచో కోరిక. ఆ ఒక్కడు మన తేజా అయితే నాకు అంతకంటే ఏం కావాలి?

ఈ నెల మధ్యలో కాలు మడతపడితే వారం రోజులు మానిపించాను. ఇప్పుడు బాగున్నాడు. నువ్వు కంగారు పడతావని అప్పుడు రాయలేదు.

నీ తాళంచెవి భద్రంగా ఉంది. తోటివాళ్ళు దాన్ని చూసి నవ్వితే "మా యమ్మ నాకు బీగం ఏసి పంపించింది" అంటాడు. బావకు నమస్కారాలు. నా మేనకోడలు సాహితి బాగా చదువుతోందా? అదీ బడిలో పరుగుపందేలకు పోతోందని తేజా చెప్పాడు. మన వంశంలో కాళ్ళున్నవాళ్ళు ఇప్పుడు పుట్టారు.

నీ తమ్ముడు,
ఓబుళేశు

*

కల్లూరు
2-11-2003

ఓబుళేశూ,

కర్మ ముగిసింది. చుట్టాలు వెళ్ళిపోయారు. ఇల్లు ఊడ్చుకుని ఇప్పుడు కూర్చున్నాను.

ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నరకు కొట్లో ఫోను మోగింది. మీ బావ "ఆ, ఆ" అంటున్నాడు. ఎరువుల లారీ గురించేమో అనుకున్నాను. ఫోను పెట్టేసి గల్లాపెట్టె మీద తల వాల్చాడు. నేను ఏమయిందని అడగలేదు. అడిగితే నిజమైపోతుందని భయం.

మధ్యాహ్నం నువ్వు వ్యానులో వచ్చావు. నా కొడుకును దించావు. గోడ పక్కన నిలబడ్డావు. మట్టి చేసి వచ్చినాక కూడా నాతో ఒక్క మాట మాట్లాడలేదు, మంచినీళ్ళు కూడా ముట్టకుండా బస్సెక్కావు. నీకూ బాధ ఉంటుంది, నేను కాదనను. కానీ నేను తల్లిని. వాడి చివరి గంట నా దగ్గర లేదు, నీ దగ్గర ఉంది. అది నాకియ్యి.

పొద్దున ఏం తిన్నాడు? ఎక్కడ పడ్డాడు? నన్ను పిలిచాడా? ఎవరు పట్టుకున్నారు? ఆసుపత్రికి పోయేటప్పటికి ప్రాణం ఉందా? ఒక్కటీ దాచకుండా రాయి. రాత్రీ పగలూ ఇవే అడుక్కుంటున్నాను, గోడలు చెప్పవు.

రామసుబ్బమ్మ

*

వేంపల్లె
11-11-2003

అక్కకు,

ఏమని రాయను? ఎండదెబ్బ అక్కా. చాలామంది అదే అన్నారు. పరుగు చివర్లో పడిపోయాడు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయాం. చేయాల్సిందంతా చేశాం. బాధ పడలేదు. నిన్ను పిలిచేంత సమయం కూడా లేదు.

బడికి సెలవు పెట్టాను. నన్ను క్షమించు.

ఓబుళేశు

*

కల్లూరు
25-11-2003

ఓబుళేశూ,

అక్టోబరు నెలలో, పొద్దున ఆరింటికి, ఎండ ఎక్కడిది?

నువ్వు చిన్నప్పుడు బెల్లం దొంగిలించి తిని, చీమలు తిన్నాయని చెప్పేవాడివి. అప్పుడూ ఇట్లాగే నాలుగు ముక్కల్లో చెప్పేవాడివి.

ఆసుపత్రి నుంచి వచ్చిన వాడి బట్టల మూట ఇన్నాళ్ళూ విప్పలేదు. నిన్న విప్పాను. బనీను, నిక్కరు, నేను కట్టిన మొలతాడు, దానికి నా తాళంచెవి. అన్నిటి కింద ఇంకో తాళాల గుత్తి ఉంది. ఏడు తాళాలు, ఒకదానికి ఎర్రదారం కట్టి ఉంది. ఇది నాది కాదు. తేజాది కాదు. వాణ్ణి కడిగిన ఆడవాళ్ళలో ఒకామె "కుడిచేయి పిడికిలి బిగుసుకోని ఉన్నెది, లోపల బీగాలు ఉంటే తీసి మూటలో పెడితిమి" అని ఆ రోజే చెప్పిందంట. నాకు వినపడలేదు.

పిడికిట్లో ఇనుము ఎప్పుడు పెడతారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. మన పక్కింటి ఈరక్క మూర్ఛవచ్చి కొట్టుకుంటుంటే మన ముసలి జేజి పరిగెత్తిపోయి చేతిలో కొడవలి పెట్టేది. మనిద్దరం గోడ మీద నుంచి చూసేవాళ్ళం. ఈరక్క లేచి కూర్చుని సిగ్గుపడి చీర సర్దుకునేది.

తేజా చేతిలో తాళాలు పెట్టింది నువ్వేనా? ఎంతసేపు పెట్టావు?

మీ బావ నిన్ను మా గడప తొక్కొద్దన్నాడు. నేను అడ్డం చెప్పలేదు. నిజం రాసేదాకా చెప్పను.

రామసుబ్బమ్మ

*

వేంపల్లె
8-12-2003

అక్కా,

ఆ తాళాలు మా బడి ఆటసామాన్ల గదివి. ఎర్రదారం కట్టింది బంతుల బీరువాది. పెట్టింది నేనే.

ఆ రోజు పొద్దున అమూల్య రెండు అరటిపండ్లు, గ్లాసు పాలు ఇచ్చింది. ఒక పండు తిని ఇంకోటి జేబులో పెట్టుకుని "వచ్చినాక తింటానత్తా" అన్నాడు. అయిదు ముక్కాలుకు బయలుదేరారు. నేను స్టాప్‌వాచీ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. ఇరవై మూడు నిమిషాలప్పుడు మలుపు దగ్గర కనబడ్డాడు. అందరికంటే చాలా ముందున్నాడు. నన్ను చూసి చేయి ఊపాడు. నేను "రారా, రారా" అని అరిచాను. గేటుకు ఇంకా యాభై గజాలుంది.

పడ్డాడు. తట్టుకుని పడినట్టు కాదక్కా. చేతులు కూడా అడ్డం పెట్టుకోకుండా ముఖం మీద పడిపోయాడు. నేను పోయి తిప్పేసరికి కళ్ళు పైకి పోయాయి, చేతులూ కాళ్ళూ కొట్టుకుంటున్నాయి. మూర్ఛ అనుకున్నాను. నడుముకున్న గుత్తి తీసి వాడి కుడిచేతిలో పెట్టి, నా రెండు చేతులతో ఆ పిడికిలి మూసి పట్టుకున్నాను. ఎవరో ఉల్లిగడ్డ తెచ్చి నలిపి ముక్కు దగ్గర పెట్టారు. కొట్టుకోవడం ఆగిపోయింది. గురక మొదలైంది. ఒక గురక, కాస్త ఆగి ఇంకో గురక. వెనక పరిగెత్తి వచ్చినవాళ్ళలో ఒకడు "సార్, బండి పిలుచుకోని వద్దునా?" అని అడిగాడు. "వద్దప్పా, ఊపిరి ఉండాది, గురక పెడతాండాడు, ఇప్పుడు లేస్తాడు చూడు" అన్నాను. లేస్తాడని గట్టిగా నమ్మాను.

గురక ఆగినాక కూడా పిడికిలి పట్టుకునే ఉన్నాను. ముఖం నల్లబడింది. అప్పుడు ఎవరో పాలవ్యాను ఆపారు. ఎక్కించేటప్పుడు నా మెడలో స్టాప్‌వాచీ ఇంకా తిరుగుతోంది. ఆపడం మరిచిపోయాను. ముప్పై ఎనిమిది నిమిషాలు చూపిస్తోంది. అంటే వాడు పడినాక పదిహేను నిమిషాలు.

ఆసుపత్రిలో డాక్టరు కళ్ళల్లో లైటు వేసి చూసి, తీసుకొచ్చేలోపే అయిపోయింది అన్నాడు. ఎండదెబ్బ అని డాక్టరు అనలేదు. ఊళ్ళోవాళ్ళు అన్నారు, నేను పట్టుకున్నాను.

జేబులో అరటిపండు అట్లాగే ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియక చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

మూర్ఛ ఇంత పని చేస్తుందని నాకు తెలియదక్కా.

ఓబుళేశు

*

కల్లూరు
2-2-2004

తమ్ముడూ,

రెండు నెలలు నీకు జవాబు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను. ఆ పదిహేను నిమిషాలూ నేను రోజూ కూర్చుంటున్నాను. గోడగడియారం ముందు కూర్చుని పదిహేను నిమిషాలు ఎంతసేపో చూస్తాను. చాలాసేపు తమ్ముడూ. ఎసరు కాగి అన్నం ఉడికిపోతుంది.

ఇప్పుడు రాయక తప్పడం లేదు. సాహితి పడిపోయింది.

పోయిన మంగళవారం, బడి మైదానంలో. మూడువేల మీటర్ల పందేనికి తయారవుతోంది. ఆరో చుట్టులో పడిందంట. వాళ్ళ టీచరమ్మ దాని చేతిలో తాళాలు పెడితే నిమిషంలో లేచి కూర్చుంది. ఆటోలో ఇంటికి తెచ్చి దింపారు. అది నవ్వుతూనే దిగింది. "ఏం కాలేదమ్మా, కళ్ళు తిరిగినాయి అంతే" అంది. 

మీ బావ నీ ఉత్తరం చదివి ఉన్నాడు. అన్నకు మూర్ఛ, చెల్లికీ మూర్ఛ, వంశంలో ఉంది అని తేల్చేశాడు. డాక్టరు దగ్గరకు తీసుకుపోయాం. ఏం చేస్తుండగా పడిందని ఆయన అడిగాడు. బావ "ఇంట్లో కూర్చోని ఉన్నెది సార్, అట్లే ఒరిగిపోయింది" అన్నాడు. బడిలో నలుగురి ముందు పడిందని ఆసుపత్రి చీటీలో ఎక్కితే రేపు దాని పెళ్ళికి అడ్డమని ఆయన భయం. నేను పక్కనే కూర్చుని నోరు మూసుకున్నాను. వాళ్ళన్న మూర్ఛతో పోయాడని కూడా చెప్పాడు. డాక్టరు అదే రాసుకుని మాత్రలిచ్చాడు.

మాత్రలు వేసుకుంటోంది కాబట్టి ఏమీ కాదంటాడు బావ. ఈ నెల పదమూడున పందెం. నేను వద్దంటే సాహితి అన్నం మానేసింది. "అన్న ఆగిపోయిన కాడి నుండి నేను పరిగెత్తాల" అంటోంది. తేజా బూట్లు వేసుకుంటోంది ఓబుళేశూ. దాని కాళ్ళకు రెండు సైజులు పెద్దవి. ముందు భాగంలో గుడ్డపేలికలు కుక్కుకుంటోంది. ఆ బూట్లు ఇంట్లో నడుస్తుంటే నాకు వాడి అడుగులే వినపడతాయి.

ఒక్కటి అడుగుతాను. ఈరక్కకు ఎన్నిసార్లు మూర్ఛ వచ్చిందో మనకు లెక్కే లేదు. ఆమె అరవై దాటి బతికింది. నా కొడుకు ఒక్కసారికే ఎట్లా పోయాడు? ఇన్ని రోజులూ ఇదే నమిలి నమిలి చూస్తున్నాను, మింగుడు పడడం లేదు. నువ్వు నాకు అంతా రాశావా? తేజా మీద ఒట్టేసి చెప్పు. నాకు ఇంకో బిడ్డ లేదు.

అక్క

*

కల్లూరు, మీ వీధి చివర, ఆటోలు ఆగే చోటు
12-2-2004, మధ్యాహ్నం

అక్కా,

పైన చూసి ఉలిక్కిపడొద్దు. నేను మీ వీధి చివర గిడ్డమ్మ టీ కొట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. నీ ఉత్తరం ఎక్కడెక్కడ తిరిగిందో, నిన్న సాయంత్రం చేరింది. వెంటనే కొట్టుకు ఫోను చేశాను. నా గొంతు విని బావ పెట్టేశాడు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ పెట్టేశాడు. తెల్లవారుజామున మొదటి బస్సెక్కాను. మీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాను. గడప తొక్కొద్దన్నాడని కాదు. ఇది నీ ముఖం చూసి నోటితో చెప్పలేను. గిడ్డమ్మ చేత పంపిస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఇది చదువు. రేపు సాహితిని పరిగెత్తనియ్యొద్దు. రేపే కాదు, గుండె డాక్టరు చూసి సరే అనేదాకా మెట్లు కూడా గబగబా ఎక్కనియ్యొద్దు. కాళ్ళు కట్టేసైనా ఆపు.

తేజాకు వచ్చింది మూర్ఛ కాదు. గుండె ఆగిపోయింది.

నేను నీకు అంతా రాయలేదు. ఆగస్టు పద్నాలుగున వాడు ఒకసారి పడ్డాడు. అదే దారిలో, అట్లాగే ముఖం మీద. అప్పుడూ తాళాలు పెట్టాను. నిమిషం లోపలే కళ్ళు తెరిచి "మామా, టైమెంత?" అన్నాడు. మేమందరం నవ్వాం. తర్వాత ఒంటరిగా నా చేయి పట్టుకుని "మా యమ్మకు చెప్పొద్దు మామా, చెప్తే రేపే వచ్చి పిల్చుకోని పోతాది" అని బతిమాలాడు. నేను ఒప్పుకున్నాను. వాడి మీద జాలితో అని రాయాలని ఉంది, కానీ అది పూర్తి నిజం కాదు. వాడు పోతే నా దగ్గర ఖాకీ తొడుక్కునేవాడు ఎవడూ మిగలడు. నా పేరు కోసం కూడా ఒప్పుకున్నాను. కాలు మడతపడిందని నీకు అబద్ధం రాశాను.

అక్టోబరులో పదిహేను నిమిషాలు ఎందుకు కూర్చున్నానో ఇప్పుడు తెలిసిందా? ఆగస్టులో లేచాడు కాబట్టి కూర్చున్నాను. తాళాలు పని చేశాయనుకున్నాను. అవి పెట్టకపోయినా ఆ రోజు లేచేవాడే. గుండె తనంతట తాను మళ్ళీ దారిలో పడింది, అంతే. నాకు అది చెప్పినవాడు ఏసేపు.

ఏసేపు పటాలంలో నర్సింగు పని చేసి వచ్చినవాడు. ఇప్పుడు కడపలో ఉంటున్నాడు. జనవరి తొమ్మిదిన డ్రిల్లు మాస్టర్లకు ప్రథమచికిత్స నేర్పడానికి వచ్చాడు. తవుడు మూట ఒకటి నేల మీద పెట్టి, మనిషి గుండె ఆగితే ఎట్లా నొక్కాలో చూపించాడు. అందరూ పోయినాక నేను ఎవరో తెలిసినవాళ్ళ సంగతన్నట్టు తేజా విషయం చెప్పాను. అడ్డం పడకుండా విన్నాడు. "అది మూర్ఛ కాదు సార్" అన్నాడు. "గుండె ఆగినప్పుడు కూడా కాసేపు చేతులు కాళ్ళు కొట్టుకుంటాయి. ఆ గురక ఊపిరి కాదు. పరిగెత్తేవాడు ఉన్నట్టుండి పడి, పిలిస్తే పలక్కపోతే గుండె ఆగిందనే అనుకోవాల. ఎంతసేపు చూసినారు?" పదిహేను నిమిషాలన్నాను. ఆయన తల దించుకున్నాడు. "మొదటి నాలుగైదు నిమిషాల్లో నొక్కడం మొదలుపెట్టుంటే" అని ఆగిపోయి, నా ముఖం చూసి ఇంక మాట పూర్తి చేయలేదు.

లేచి పోతుంటే వెనక నుంచి అడిగాడు. "ఆ పిల్లోనికి తోడబుట్టినోళ్ళు ఉండారా సార్? ఉంటే గుండె చూపించమని చెప్పండి. ఇట్లాంటివి శానా ఇండ్లల్లో ఒకరితో ఆగవు."

అక్కా, అది జనవరి తొమ్మిది. సాహితి పడింది ఇరవై ఏడున. మధ్యలో పద్దెనిమిది రోజులున్నాయి. నేను నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. ప్రతిసారీ ఆగస్టు దగ్గరకు వచ్చేసరికి చేయి ఆగిపోయేది. మొదటి పడటం గురించి రాయకుండా సాహితి గురించి రాయలేను, రాస్తే నువ్వు నన్ను తమ్ముడూ అనవు. ఆ భయంతో నీ రెండో బిడ్డను కూడా పణంగా పెట్టాను. దానికేమైనా అయి ఉంటే ఈ కాగితం రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

డాక్టరు దగ్గర అబద్ధం తుడిచేయండి. పరిగెత్తుతుండగా పడిందని చెప్పండి, అన్న పరిగెత్తుతూనే పోయాడని, అంతకుముందు ఒకసారి పడి లేచాడని చెప్పండి. బావ చెప్పలేకపోతే నేను వచ్చి ఆ డాక్టరు ముందు నిలబడి నా తప్పంతా చెబుతాను. పెళ్ళి సంగతి తర్వాత, ముందు పిల్ల ఉండాలి.

ఈలోపు పడితే ఏం చేయాలో రాస్తున్నాను, నువ్వూ బావా ఇద్దరూ చదవండి. భుజం తట్టి పిలవండి. పలక్కపోతే, ఊపిరి మామూలుగా లేకపోతే, ఒకరు బండి కోసం అరవాలి, ఒకరు వెంటనే నొక్కాలి. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఎదురురొమ్ము నడిమధ్యలో అరచేతి మడమ పెట్టి, దాని మీద రెండో చేయి పెట్టి, మోచేతులు వంచకుండా రెండంగుళాలు లోపలికి పోయేటట్టు నొక్కి వదలాలి. బడిలో మనం కవాతు చేసేవాళ్ళం కదా, లెఫ్ట్ రైట్ లెఫ్ట్ రైట్, ఆ వేగంతో. ఎముక విరుగుతుందని భయపడొద్దు. గురక వచ్చినా ఆపొద్దు. ఆసుపత్రి వాళ్ళు చేతికి తీసుకునేదాకా ఆపొద్దు. చేతిలో ఏమీ పెట్టొద్దు. నేను నెల రోజులుగా తవుడు మూట మీద పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నొక్కుతున్నాను. అమూల్య నాకు పిచ్చి పట్టిందనుకుంటోంది.

పిలిస్తే వస్తాను. పొమ్మంటే సాయంత్రం బస్సుకు పోతాను. జవాబు ఏదైనా సరే, సాహితి రేపు పరిగెత్తదని ఒక్క ముక్క రాసి పంపు. అది చూడకుండా ఇక్కడి నుంచి కదలను.

ఓబుళేశు

*

అదే కాగితం వెనక

తమ్ముడూ,

వేరే కాగితం వెతికే ఓపిక లేదు. సాహితి పరిగెత్తదు. ముందు అది చదువుకో.

నీ ఉత్తరం మొదటిసారి నిలబడి చదివాను, రెండోసారి కూర్చుని చదివాను. నిన్ను తిట్టాలని నోరు తెరిస్తే నా తిట్లు నాకే తగులుతున్నాయి. ఎందుకో చెబుతాను. నువ్వు ఒకటి దాచావు. అంతకంటే ముందు దాచింది నేను.

మొలతాడుకు కట్టిన తాళంచెవి దిష్టికి కాదు.

తేజా ఇంటరు రెండో సంవత్సరంలో ఉండగా కాలేజీ బస్సు వెంట పరిగెత్తి, మా కొట్టు ముందే పడ్డాడు. బావ ఆ రోజు ఊళ్ళో లేడు. నేనే తాళాలు పెట్టాను. లేచాడు. మూర్ఛ అనే మాట బయటికి పోతే ఉద్యోగం రాదు, పిల్లనివ్వరు అని ఎవరికీ చెప్పలేదు, మీ బావకు కూడా. మళ్ళీ రాకుండా ఇనుము కట్టి, దేవుడికి మొక్కుకుని, నీ దగ్గరకు పంపాను. ముఖం తెల్లబడితే ఆపేయమని రాశాను. ఎందుకు ఆపాలో రాయలేదు. ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే నువ్వు వాణ్ణి పరిగెత్తించేవాడివా? ఆగస్టులో పడిన రోజే నాకు ఫోను చేసి ఉండేవాడివి కదా? డాక్టరు ముందు బావ అబద్ధం చెబుతుంటే నేను నోరు మూసుకుంది కూడా ఇందుకే. నోరు తెరిస్తే నాది కూడా బయటపడుతుంది.

నా కొడుకును నీ తాళాలొక్కటే చంపలేదు. నా తాళంచెవి కూడా ఉంది. మూడు నెలలుగా నిన్ను నిజం రాయమని పీకుతున్నాను, నా నిజం నా దగ్గర పెట్టుకుని.

ఇప్పుడే బావకు చెప్పాను. నీ ఉత్తరం చూపించి, నాది చెప్పాను. కొట్టు తలుపు దించి మెట్టు మీద కూర్చున్నాడు. అక్కడి నుంచే "ఇంకా ఆడనే ఉండాడా?" అని అడిగాడు. ఉన్నాడన్నాను. "రమ్మను. ముగ్గురం పోదాం డాక్టరు కాడికి. నేనే చెప్తా ఈసారి" అన్నాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం కర్మ రోజు కూడా చూడలేదు, ఇప్పుడు చూశాను.

నిన్ను క్షమించానని రాయలేను. నన్ను నేను క్షమించుకున్న రోజున ఆ మాట రాస్తాను, ఆ రోజు వస్తుందో రాదో. కానీ నువ్వు నా తమ్ముడివి. ఈ ఇంట్లో నీకు అన్నం ఉంది.

ఏడు తాళాల గుత్తి నా దగ్గరే ఉంటుంది. బడివాళ్ళు అడిగితే పోయిందని చెప్పు.

ఈ కాగితం సాహితి చేత పంపిస్తున్నాను. బూట్లు విప్పించాను. ఏడ్చింది, తిట్టింది, విప్పింది. నెమ్మదిగా నడిచి రమ్మన్నాను. ఎవరితోనైనా పంపించి ఉండొచ్చు, కానీ నా బిడ్డను నీ దగ్గరకు ఇంకోసారి పంపగలనో లేదో నాకే తెలియాలి. మా గుమ్మం నుంచి గిడ్డమ్మ కొట్టు దాకా అంతా కనబడుతుంది. నేను ఇక్కడ నిలబడి చూస్తుంటాను. నువ్వు అక్కడ నిలబడి చూడు. వీధి సగం దాటితే అది నాకంటే నీకే దగ్గర.

టీ గ్లాసు పక్కన పెట్టు. రెండు చేతులూ ఖాళీగా ఉంచుకో.

అక్క